రాత్రి అన్నం తిన్నాక ఆ చిన్న మాత్ర

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది పరకాల దగ్గర పల్లె. నాకు 23 ఏళ్లు. ఇది తొలి కాన్పు. స్కానింగులో 13 వారాలు అని రాశారు. రెండేళ్ల కిందట మా అక్కకు ఏడో నెలలో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. రెండు రోజులకే బిడ్డ పోయింది. అక్క బతికి బయటపడింది. ఈ సంగతి చెప్పగానే హనుమకొండలో నన్ను చూసిన మేడమ్ ఆస్పిరిన్ 150 రాసి, రోజూ రాత్రి ఒకటి వేసుకోమన్నారు. మందుల షాపులో ఉన్నతను చీటీ చూసి, ‘ఇది గుండె జబ్బు వాళ్లకు ఇచ్చే మాత్ర, రక్తం పలచబడుతుంది, కడుపుతో ఉన్నవాళ్లకు ఎందుకు రాశారో’ అన్నాడు. అప్పటి నుంచి అత్తమ్మ వద్దంటున్నారు. నాలుగు రాత్రులుగా వేసుకోలేదు. రక్తం 9.4 ఉందన్నారు. ఐరన్ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని, బీపీ రాకుండా ఉప్పు మానేయాలని కూడా ఇంట్లో అంటున్నారు. ముహూర్తం చూసి ఆపరేషన్ చేయిద్దామని మామయ్య ఇప్పటి నుంచే అనుకుంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు.
— ఒక సోదరి, పరకాల మండలం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన సాయంత్రమే మీరు రాసిన నంబరుకు ఫోను చేశాను. ఆస్తమా, కడుపులో పుండు, రక్తం గడ్డకట్టని జబ్బు, ఆస్పిరిన్ పడకపోవడం లాంటివేవీ మీకు లేవని అడిగి తెలుసుకున్నాక, మీ డాక్టరు రాసిన మాత్రను ఆ రాత్రి నుంచే మొదలుపెట్టమన్నాను. ఇది అచ్చయ్యేదాకా ఆగి ఉంటే ఇంకో వారం చేజారేది. ఈ మాత్రకు గడువుంది. 16 వారాల లోపు మొదలైతేనే దాని మేలు బాగా దక్కుతుంది. ఫోనులో ఇంతే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ వివరంగా రాస్తున్నాను. వీలైతే మీ అత్తమ్మకు కూడా చదివి వినిపించండి. ఆమె వద్దనడం మీ మీద ప్రేమతోనే. రక్తం పలచబడుతుందన్న మాట వింటే ఏ పెద్దావిడైనా భయపడుతుంది.

ముందు మీ అక్కకు ఏం జరిగిందో చెబుతాను. చాలా ఇళ్లలో ఈ జబ్బును ‘బీపీ పెరిగింది’ అన్న ఒక్క మాటతో ముగించేస్తారు. అసలు ఇది మాయలో, అంటే కడుపులో బిడ్డకు తల్లి రక్తం నుంచి తిండి అందించే ప్లాసెంటాలో మొదలయ్యే జబ్బు. గర్భం నిలిచిన తొలి నెలల్లో మాయ తన వేళ్లను గర్భసంచి గోడలోకి దించుకుంటుంది. అక్కడి సన్నని రక్తనాళాలను వెడల్పు చేసుకుంటుంది. మనవి చెరువుల ఊళ్లు కదా, మీకు సులువుగానే అర్థమవుతుంది. చెరువు నిండా నీళ్లున్నా తూము ఇరుకైతే చివరి మడికి తడి అందదు. కొందరిలో ఈ తూములు సరిగ్గా తెరుచుకోవు. నెలలు నిండేకొద్దీ బిడ్డ అవసరం పెరుగుతుంది, మాయకు రక్తం చాలదు. అప్పుడు ఆ మాయ తల్లి రక్తంలోకి కొన్ని ప్రొటీన్లను వదులుతుంది. వాటిలో ముఖ్యమైనదాన్ని 2003లో బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం గుర్తించింది. ఆ ప్రొటీను తల్లి ఒళ్లంతా ఉన్న రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. రక్తపోటు పెరుగుతుంది, మూత్రపిండాల నుంచి ప్రొటీను కారుతుంది, కాలేయం దెబ్బతింటుంది. మెదడు వరకు వెళితే ఫిట్స్ వస్తాయి. వైద్యంలో దీన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ఫిట్స్ వచ్చాక ఎక్లాంప్సియా అంటారు.

జబ్బు బయటపడేది ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో. దానికి బీజం పడేది మాత్రం మీరు ఇప్పుడున్న ఈ వారాల్లో. అందుకే మాత్ర కూడా ఇప్పుడే వేసుకోవాలి. బీపీ పెరిగాక ఆస్పిరిన్ వేసుకుంటే అది జబ్బును తగ్గించదు.

ఇక రక్తం పలచబడడం సంగతి. తలనొప్పికి వాడే పెద్ద మోతాదు ఆస్పిరిన్ వేరు, ఇది వేరు. ఈ చిన్న మోతాదు రక్తంలోని ప్లేట్‌లెట్లు విడుదల చేసే ఒక రసాయనాన్ని అణిచి ఉంచుతుంది. ఆ రసాయనం రక్తనాళాలను బిగిస్తుంది, రక్తం గడ్డకట్టేలా చేస్తుంది. అది తగ్గితే మాయకు రక్తం సాఫీగా అందుతుందని భావిస్తున్నారు. లండన్‌కు చెందిన కైప్రోస్ నికొలాయిడిస్ బృందం ఆరు దేశాల్లోని 13 ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించింది. జబ్బు వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్న 1,776 మంది గర్భిణుల్లో సగం మందికి రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మిగతా సగానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి 36 వారాల దాకా కొనసాగించారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో నెలలు నిండకముందే ఈ జబ్బు ముదిరి కాన్పు అయినవారు 4.3 శాతం. ఆస్పిరిన్ వేసుకున్నవారిలో 1.6 శాతం. మీ డాక్టరు రాసిన మోతాదు, వేళ కూడా ఇవే.

ఆ పరిశోధనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన విషయం మరొకటుంది. తర్వాత మిగిలిన మాత్రలు లెక్కపెట్టి చూస్తే, పదింట తొమ్మిది వంతులైనా మింగినవారికి దక్కిన రక్షణ మిగతావారికి దక్కలేదు. అంటే ఒక రాత్రి వేసుకుని రెండు రాత్రులు మానేస్తే పెద్దగా ఉపయోగం లేదు. మీరు పోగొట్టుకున్న నాలుగు రాత్రుల గురించి బాధపడకండి. వాటికి బదులుగా ఒకేసారి రెండు మాత్రలు వేసుకోనూ వద్దు. రాత్రి అన్నం తిన్నాక రోజుకు ఒకటి, అంతే. స్టీలు డబ్బాలో దాచిపెట్టే బదులు మీరు పడుకునే చోట ఎదురుగా కనబడేలా పెట్టుకోండి.

ఇది విదేశీయుల మీద చేసిన పరీక్ష కదా, మన ఒంటికి పడుతుందా అని మీ ఇంట్లో అడగవచ్చు. మన నాగ్‌పూర్, బెళగావి కేంద్రాలతో సహా ఆరు దేశాల్లో సుమారు 12 వేల మంది తొలిచూలు గర్భిణుల మీద మరో పరిశోధన జరిగింది. ఫలితాలు 2020లో వచ్చాయి. అందులో ఇంకా చిన్న మోతాదు, 81 మిల్లీగ్రాములు ఇచ్చారు. నెలలు నిండకుండా పుట్టే పిల్లల శాతం 13.1 నుంచి 11.6కు తగ్గింది. తల్లుల్లో రక్తస్రావం పెరగలేదు. స్వీడన్‌లో మూడు లక్షలకు పైగా కాన్పుల రికార్డులు చూసినవారు మాత్రం, ఆస్పిరిన్ వాడినవారిలో కాన్పు వేళ రక్తస్రావం కొంచెం ఎక్కువగా ఉందన్నారు. దాన్ని మీకు దాచను. 36 వారాలకు మాత్ర ఆపమనడం అందుకే. ఆ తేదీని మీ డాక్టరును అడిగి ఇప్పుడే కార్డు మీద రాయించుకోండి.

మందుల షాపతని మాట పూర్తిగా అబద్ధం కాదు. అది గుండె జబ్బుకు వాడే మాత్రే. కానీ మీకు ఎందుకు రాశారో అతనికి తెలియదు. మీకు తొలి కాన్పు, పైగా తోబుట్టువుకు ఇదే జబ్బు వచ్చింది. ఈ రెండూ కలిస్తే ఆస్పిరిన్ ఇవ్వాలన్నది చాలా దేశాల వైద్య మార్గదర్శకాల్లో ఉన్న మాట. గత కాన్పులో బీపీ వచ్చినవారికి, ముందు నుంచే బీపీ, షుగరు, మూత్రపిండాల జబ్బు, లూపస్ ఉన్నవారికి, కవలలు ఉన్నవారికి కూడా దీని గురించి డాక్టరు ఆలోచిస్తారు. ఇది చదివే మిగతావారు మాత్రం షాపుకు వెళ్లి సొంతంగా కొనుక్కోకండి. మీ డాక్టరును అడగండి. మీ ఇంట్లో ఎవరికి ఈ జబ్బు వచ్చిందో వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి. ఈ ఉత్తరం రాసిన సోదరి ఆ ఒక్క మాట చెప్పింది కాబట్టే ఆమెకు ఈ మాత్ర అందింది.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పటి ఒక రాత్రి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ములుగు వైపు పల్లె నుంచి ఆటోలో ఒక అమ్మాయిని తెచ్చారు. ఎనిమిదో నెల. నాలుక తెగి పెదవి మీద రక్తం ఆరిపోయి ఉంది. పిడికిలిలో ఇంటి తాళాల గుత్తి బిగించి పెట్టారు. ఫిట్స్ వస్తే ఇనుము పట్టిస్తారు కదా, అలా. గాజులు ముంజేతి వాపులో కూరుకుపోయాయి. కత్తిరించి తీయవలసి వచ్చింది. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్లు ఇచ్చాక నా పని గంటగంటకూ చిన్న సుత్తితో ఆమె మోకాలి కింద తట్టి కాలు ఎగురుతోందా లేదా చూడడం. ఆ మందు ఎక్కువైతే ముందు ఆ కదలిక ఆగిపోతుంది, తర్వాత ఊపిరి. తెల్లవారేదాకా తట్టుతూనే ఉన్నాను. ఆమె బతికింది. పొద్దున వాళ్లమ్మ కొంగు ముడి విప్పి కార్డు చేతిలో పెట్టింది. రెండు వారాల కిందటి తేదీ పక్కన బీపీ 150/100 అని స్పష్టంగా రాసి ఉంది. రాసినవారు ఆ అంకె అర్థం ఏమిటో చెప్పలేదు. ఇంట్లో ఎవరికీ అది ప్రమాదమని తెలియదు.

ఆ మెగ్నీషియం సంగతీ తెలుసుకోవడం మంచిది. 33 దేశాల్లో పది వేల మందికి పైగా గర్భిణుల మీద జరిగిన పరిశోధన 2002లో వెలువడింది. బీపీ జబ్బు ముదిరినవారికి దాన్ని ముందే ఇస్తే ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గిందని తేలింది. చవకైన మందు. ఎప్పుడైనా మీకు ఆ ఇంజెక్షన్ ఇవ్వాలంటే భయపడకండి.

కాబట్టి అమ్మా, ఆస్పిరిన్ తర్వాత మీరు పట్టుకోవలసింది ఆ కార్డే. ప్రతి పరీక్షలోనూ బీపీ అంకె అడిగి తెలుసుకోండి. పైది 140, కిందది 90. ఈ రెండింటిలో ఏది చేరినా డాక్టరు చూడాలి. 160 లేదా 110 చేరితే అది ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లవలసిన స్థితి. చూసే పద్ధతి కూడా ముఖ్యం. ఎండలో నడిచి వచ్చి సబ్‌సెంటర్ బల్ల మీద కూర్చోగానే, బిగుతైన జాకెట్టు చేతి మీదే పట్టీ చుట్టి, పక్కవాళ్లతో మాట్లాడుతుండగా చూసే బీపీ అక్కరకు రాదు. మూత్రానికి వెళ్లి రండి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోండి. చేయి గుండె ఎత్తులో ఉండాలి, పట్టీ ఒంటికి నేరుగా తగలాలి. ఇలా చూడమని ఏఎన్ఎమ్‌ను అడగడానికి మొహమాటపడకండి. 20 వారాల తర్వాత మూత్రంలో ప్రొటీను పరీక్ష కూడా ప్రతిసారీ చేయించుకోండి. ఇంట్లో బీపీ మిషను కొనే స్తోమత ఉంటే కొనండి. ముంజేతికి కట్టేది వద్దు, భుజం కింద చుట్టేదే తీసుకోండి. ఒకసారి దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి అక్కడి అంకెతో పోల్చి చూసుకోండి.

సాయంత్రానికి పాదాలు ఉబ్బడం చాలామందికి మామూలే. ముఖం, చేతులు హఠాత్తుగా ఉబ్బితే, ఉంగరం తిరగకపోతే, పారాసిటమాల్ వేసుకున్నా తలనొప్పి తగ్గకపోతే, కళ్ల ముందు మెరుపులు కనిపిస్తే, కుడివైపు డొక్క కింద నొప్పితో వాంతి అయితే తెల్లవారేదాకా ఆగకండి. అలాంటి నొప్పిని గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టిన ఇళ్లు నేను చూశాను. 102కో 108కో ఫోను చేయండి. ఎక్కే ముందు కార్డు చేతిలో పెట్టుకోండి.

ఉప్పు విషయానికొస్తే, చప్పిడి కూడు ఈ జబ్బును ఆపదు. ఉప్పు తగ్గించి చూసిన పరిశోధనల్లో లాభం కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ జబ్బు రాకుండా ఉండేందుకు ఉప్పు మానమని చెప్పడం లేదు. రోజంతా పడుకోమనీ చెప్పడం లేదు. చప్పిడి తిండి పెడితే మీరు రెండు ముద్దలు తక్కువ తింటారు. అసలే రక్తం తక్కువ ఉన్న మనిషికి అది చేటు. రుచికి సరిపడా ఉప్పు వేసుకుని కడుపునిండా తినండి. ఆవకాయ, అప్పడాలు అదుపులో ఉంటే చాలు.

నిజంగా పనికొచ్చేది కాల్షియం, మన తిండిలో అది తక్కువ కాబట్టి. రోజుకు 1500 మిల్లీగ్రాములు కావాలని ఇన్నాళ్లూ అనుకున్నారు. అంటే రోజుకు మూడు పెద్ద మాత్రలు, వాటిని మింగడం చాలామందికి కష్టం. బెంగళూరులో 11 వేల మంది, టాంజానియాలో 11 వేల మంది తొలిచూలు గర్భిణుల మీద 500కూ 1500కూ పోటీ పెట్టి చూశారు. 2024 జనవరిలో ఫలితం వచ్చింది. బెంగళూరులో 500 తీసుకున్నవారిలో ఈ జబ్బు 3.0 శాతం మందికి, 1500 తీసుకున్నవారిలో 3.6 శాతం మందికి వచ్చింది. అంటే చిన్న మోతాదు ఏ మాత్రం తీసిపోలేదు. మన ప్రభుత్వ కార్యక్రమంలో నాలుగో నెల నుంచి రోజుకు రెండు 500 మాత్రలు ఇస్తారు. మీ డాక్టరు చెప్పినట్టే వేసుకోండి. ఏదో ఒక రోజు రెండోది మరిచిపోతే కంగారు పడి మొత్తానికే మానేయకండి.

ఐరన్ మాత్రకూ బిడ్డ రంగుకూ ఏ సంబంధమూ లేదు. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ఆ మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది. బహుశా అక్కడి నుంచే ఆ భయం పుట్టి ఉంటుంది. మీ 9.4 చిన్న లోటు కాదు. 11 ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉందని తేలింది. అందరికీ ఉంది కదా అని దాన్ని మామూలుగా తీసుకుంటున్నాం. అదే నాకు బాధ. రక్తం తక్కువ ఉన్న తల్లి కాన్పులో పోయే రక్తాన్ని తట్టుకోలేదు. మీ స్థాయికి ఎర్ర మాత్రలు రోజుకు రెండు ఇస్తారు. వాటిని కాల్షియంతో కలిపి వేసుకుంటే రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. పొద్దున టిఫిను తర్వాత కాల్షియం వేసుకోండి. మధ్యాహ్న భోజనమైన గంటన్నర తర్వాత నిమ్మరసంతో ఐరన్. సాయంత్రం చాయ్ తాగాలనిపిస్తే ఐరన్ వేసుకున్న గంట తర్వాతే తాగండి, చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. మిగిలిన మాత్రల వేళలు మీ డాక్టరుతో కూర్చుని సర్దుకోండి. అంగన్‌వాడీలో ఆరోగ్య లక్ష్మి కింద పెట్టే భోజనం, గుడ్డు, పాలు మానకండి. ఇంట్లో మునగాకు, తోటకూర, పప్పులు, వీలైతే వారానికోసారి కాలేయం కాకుండా మామూలు మాంసం తినండి. కాలేయంలో విటమిన్ ఏ మరీ ఎక్కువ, అది గర్భిణులకు మంచిది కాదు.

ఐరన్ రోజు విడిచి రోజు వేసుకుంటే మంచిదని ఎక్కడో విని ఉండవచ్చు. ఒక మాత్ర మింగాక, మరింత ఐరన్‌ను రానివ్వకుండా అడ్డుకునే హార్మోను సుమారు ఒక రోజు పాటు పెరిగి ఉంటుందని స్విట్జర్లాండ్ పరిశోధకులు చూపారు. ఆ తొలి పరీక్షలు గర్భిణుల మీద చేసినవి కావు. మీరు మాత్రం మీ డాక్టరు చెప్పినట్టే వేసుకోండి. నెల తర్వాత మళ్లీ రక్తం చూస్తారు. పెరగకపోతే, లేదా మాత్రలు బొత్తిగా పడకపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఉంది. అది వేగంగా నింపుతుంది. కానీ అదే మొదట కావాలని పట్టుబట్టే అవసరం లేదు. ఆఫ్రికాలోని మలావీలో దాన్ని మాత్రలతో పోల్చి చూసినప్పుడు, తొమ్మిదో నెలకు రక్తహీనతలో రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2023లో తేలింది.

మాయ వదిలే ఆ ప్రొటీన్లను కొలిచే రక్తపరీక్షలు ఇప్పుడు పెద్ద నగరాల ల్యాబుల్లో చేస్తున్నారు. జబ్బు వచ్చిందన్న అనుమానం ఉన్నప్పుడు అవి డాక్టరుకు ఉపయోగపడతాయి. మీకు ఇప్పుడు వాటికి డబ్బు పెట్టవలసిన పని లేదు.

నాకు భయం ఉన్న చోటు వేరే ఉంది. తొలి కాన్పు కాబట్టి శ్రీమంతం అయ్యాక మిమ్మల్ని పుట్టింటికి తీసుకెళతారు. మన దగ్గర మాత్రలు ఆగిపోయేది సరిగ్గా అప్పుడే. చీర పెట్టెలు కదులుతాయి, మందుల సంచి అత్తారింట్లో ఉండిపోతుంది. అక్కడ కొత్త డాక్టరు, కొత్త ఏఎన్ఎమ్. జబ్బు తల ఎత్తేదీ ఆ నెలల్లోనే. కార్డు, స్కానింగు కాగితాలు, నెలకు సరిపడా మాత్రలు ఒకే సంచిలో పెట్టి మీ ఆయన చేత మోయించండి. వెళ్లిన వారంలోనే అక్కడి డాక్టరుకు చూపించుకుని, అక్క సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పండి.

ముహూర్తం మాట మామయ్యకు నెమ్మదిగా చెప్పాలి. మీకు బీపీ పెరగకపోతే 39 వారాల ముందు ఆపరేషన్ చేసి బిడ్డను తీయడం వల్ల బిడ్డకు ఊపిరి ఇబ్బందులు రావచ్చు. ప్రీఎక్లాంప్సియా వస్తే 37 వారాలు నిండాక కాన్పును వాయిదా వేయకూడదు. పంచాంగం చూసి ఈ రెండింటినీ జరపలేం. అవసరమైనప్పుడు ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది. కానీ పైన చెప్పిన సర్వేలోనే మన రాష్ట్రంలో ఆపరేషన్ కాన్పులు 60.7 శాతం, దేశంలో 21.5 శాతం. మన ఆడవాళ్లకు మూడు రెట్లు జబ్బులు ఉండి కాదు కదా. మీరు కాన్పుకు ఎంచుకునే ఆసుపత్రిలో రాత్రి పూట డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం అందుబాటులో ఉంటాయా అన్నది అడగండి. మీకు అవి కావలసి రావచ్చు. కాన్పయ్యాక పోయిన రక్తాన్ని కంటితో అంచనా వేస్తారా, గీతలున్న సంచిలో పట్టి కొలుస్తారా అని కూడా అడగవచ్చు. నాలుగు ఆఫ్రికా దేశాల్లోని 80 ఆసుపత్రుల్లో రెండు లక్షలకు పైగా కాన్పుల్లో అలా కొలిచి, రక్తస్రావం కనబడగానే అన్ని చికిత్సలూ ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దాని వల్ల వచ్చే ప్రమాదాలు 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గాయని 2023లో తేలింది. 

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా జబ్బు వస్తే? రావచ్చు. ఆస్పిరిన్ ముప్పును తగ్గిస్తుంది, తుడిచిపెట్టదు. కానీ మీ అక్క బిడ్డ లాగా ఏడో నెలలో పుట్టే పిల్లలను నిలబెట్టుకునే దారులు ఇప్పుడు ఇంకా తెలిశాయి. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదిగేందుకు కాన్పుకు ముందు తల్లికి ఇచ్చే డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు మన దేశం సహా ఐదు దేశాల్లో మరీ ముందుగా పుట్టిన పిల్లల మరణాలను 23.5 శాతం నుంచి 19.6కు తగ్గించాయి. పుట్టిన వెంటనే తల్లి గుండెకు ఆనించి పెట్టిన చిన్న బరువు పిల్లల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో వచ్చిన పరిశోధన చెప్పింది. దాని తర్వాతే ప్రపంచ ఆరోగ్య సంస్థ, పుట్టిన వెంటనే ఇలా పెట్టాలని తన సూచనను మార్చుకుంది. 

కాన్పు అయిపోగానే బీపీని మరిచిపోకండి. పురిటి తర్వాత మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా అది మళ్లీ పెరిగే వేళ. సరిగ్గా మిమ్మల్ని ఇంటికి పంపేసే రోజులు అవి. ఆ వారంలో ఒకసారైనా బీపీ చూపించుకోండి. ఫిట్స్ కాన్పు తర్వాత కూడా రావచ్చు.

చివరిగా మీ అక్క గురించి. మీ ఉత్తరంలో ఆమె ‘బతికి బయటపడింది’ అని రాశారు. ఆ తర్వాత ఆమెను ఎవరైనా డాక్టరు చూశారా? ఈ జబ్బు వచ్చిన స్త్రీలకు తర్వాతి జీవితంలో రక్తపోటు, గుండె జబ్బు, పక్షవాతం వచ్చే ముప్పు మిగతావారికన్నా ఎక్కువ. ఆ సంగతి ఆమెకు చెప్పే ఇంటిపెద్ద ఎవరూ ఉండరు, ఎందుకంటే అందరి కళ్లూ పోయిన బిడ్డ మీదే ఉంటాయి. ఆమె ఏటా ఒకసారి బీపీ, షుగరు చూపించుకోవాలి. మళ్లీ గర్భం నిలిస్తే మొదటి నెలలోనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఆస్పిరిన్ అవసరం మీకన్నా ఆమెకే ఎక్కువ. ఈసారి మీరు పరీక్షకు వెళ్లేటప్పుడు తోడుగా అక్కను రమ్మనండి. మీ వంతు అయ్యాక ఆమె చేతికీ పట్టీ చుట్టించండి.